నేను కోసేసిన తొమ్మిది సెకన్లు

ఆ రోజు నేను చేసిన తప్పు తొమ్మిది సెకన్ల తప్పు. ముప్పై తొమ్మిది సెకన్లు వచ్చిన ఒక రికార్డింగును ముప్పైకి కుదించాల్సి వస్తే, చివరి వాక్యం తీసేయమన్నాను. తీసేయమని నన్నెవరూ బలవంతపెట్టలేదు. పొరపాటున జారిపోయిందీ కాదు. చదివి, ఆలోచించి, అక్కర్లేదనుకుని తీయించాను. ఆ వాక్యం ఇది: "మల్బరీ తోట పక్కన ఉన్నవాళ్లు ముందురోజే తోటవాళ్లకు చెప్పి, వాళ్లు ఆకు కోసుకున్నాకే మందు కొట్టండి."

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ నన్ను పిలిచి అనుభవాలు చెప్పమంటారు. మంచివి చెప్పుకోవడానికి ఎవరైనా ఉంటారు. నేను ఇదొక్కటీ చెబుతాను.

నేను పుట్టి పెరిగింది కోలారు బంగారు గనుల ఊళ్లో. మా నాన్న గని టైమాఫీసులో గుమాస్తా. గనులు మూతపడ్డాక నాలాంటి గుమాస్తాల పిల్లలం తలో దిక్కూ పోయాం. నేను రెండు మూడు చిన్న ఉద్యోగాలు చేసి, చివరికి రైతులకు సమాచారం అందించే ఒక కేంద్రంలో చేరాను. గనుల కాలంనాటి పాత క్వార్టరు ఒకటి అద్దెకు తీసుకుని అందులో పెట్టారు దాన్ని. సామాన్ల గదిగా ఉండిన గదే మా స్టూడియో. గోడలు జానెడు మందం. బయట లారీ పోయినా లోపల వినిపించేది కాదు. రికార్డింగుకు అంతకన్నా మంచి గది ఉండదని మురిసిపోయేవాణ్ణి. బయటి చప్పుడు వినబడని గదిలో కూర్చుని బయటివాళ్లకు సలహాలు చెప్పడం గురించి అప్పట్లో ఆలోచించలేదు.

మీ చేతుల్లో ఇప్పుడు వీడియోలున్నాయి, గ్రూపులున్నాయి. మాకు ముప్పై సెకన్లు ఉండేవి. పొద్దున్నే ఐదున్నరకు రైతు ఫోను మోగేది. ఎత్తితే రికార్డు చేసిన గొంతు వినిపించేది. వాన వస్తుందా, టమోటా మార్కెట్టు ఎలా ఉంది, ఏ తెగులు కనబడుతోంది, దానికేం చేయాలి. అంతే. మామూలు బటన్ల ఫోనుంటే చాలు, చదువు రానివాళ్లకూ అందేది. ఆ రోజుల్లో అది గొప్ప సంగతి. మమ్మల్ని చూసిపోవడానికి బయటి ఊళ్లనుంచి కూడా వచ్చేవాళ్లు.

అందులో ఒక చిక్కుండేది. ఎంతమంది చివరిదాకా విన్నారో, ఎంతమంది మధ్యలో పెట్టేశారో కంప్యూటరు చెప్పేది. పొద్దున ఆఫీసుకు రాగానే నేను మొదట చూసేది అదే. బెంగళూరులో ఉండే మా పైవాళ్లు కూడా దాన్నే చూసేవాళ్లు. చిన్న మెసేజ్ అయితే ఎక్కువమంది పూర్తిగా వింటారు. అందుకని ముప్పై సెకన్లు దాటితే నాకు ప్రాణం మీదికి వచ్చినట్టుండేది.

ఇంకో బలహీనత కూడా ఉండేది. ప్రతి మెసేజ్ ముందూ పలకరింపు నా గొంతుతో వెళ్లేది. "నమస్కారం రైతు మిత్రులారా, మీ మేలు కోరే మీ సమాచార కేంద్రం నుంచి మీ నేస్తాన్ని మాట్లాడుతున్నాను." ఎనిమిది సెకన్లు. దాని తర్వాత అసలు విషయం మా రికార్డింగ్ మేడమ్ చదివేది. ఆమె ఒక బడిపంతులు గారి కూతురు. తెలుగు, కన్నడం రెండూ తేటగా పలికేది. నిజానికి వాళ్లు వినేది ఆమెను. కానీ సంతల్లో నా గొంతు గుర్తుపట్టి "ఓ నేస్తం సారా!" అని నిలబెట్టి టీ ఇప్పించేవాళ్లు. ఆ టీలకు నేను అలవాటు పడ్డాను.

ఆ ఏడాది బూదికోట వైపు టమోటా చేలలో ఆకు తొలిచే పురుగు పడింది. ఆకుమీద తెల్లటి గీతలు, తర్వాత కాయలో సూదిపోటంత చిల్లులు. పురుగుల సంగతి చదువుకున్న ఒక పెద్దాయన మాకు సలహాలు రాసి పంపేవాడు. ఆయన రాసిన దాని సారాంశం ఇది: ఒకరు కొట్టి ఒకరు కొట్టకపోతే పురుగు పక్క చేనికి పోయి మళ్లీ తిరిగి వస్తుంది, కాబట్టి అందరూ ఒకేసారి కొట్టాలి. చివర మల్బరీ గురించిన ఆ వాక్యం రాసి, కింద ఎర్ర సిరాతో గీత గీశాడు.

ఆ గీత ఎందుకో మీకు తెలియకపోవచ్చు. మా జిల్లాలో టమోటా చేను, మల్బరీ తోట ఒకే గట్టుకు ఇటూ అటూ ఉంటాయి. టమోటాకు కొట్టిన మందు గాలికి పోయి మల్బరీ ఆకుమీద పడితే, ఆ ఆకు తిన్న పట్టుపురుగు బతకదు. అందుకని అక్కడ ఒక పద్ధతుంది. మందు కొట్టబోయేవాడు ముందురోజే గట్టుమీద నిలబడి తోటవాళ్లకు కేక వేస్తాడు. వాళ్లు ఆకు కోసుకుని తడి గోనెల కింద దాచుకుంటారు, పైరుకు అడ్డం పాత చీరలు కట్టుకుంటారు, లేదా ఈ వారం వద్దని బతిమాలుకుంటారు. మాటలు లేని ఇళ్లవాళ్లు కూడా ఆ కేక మాత్రం వేస్తారు.

రికార్డింగ్ అయ్యాక మేడమ్ హెడ్‌ఫోన్లు తీసి అంది:

"సార్, తొమ్మిది సెకన్లు ఎక్కువుండాది. ఏం తీసేది?"

"ఆఖరి మాట తీసెయ్యమ్మా."

"దాని కింద పెద్దాయన ఎర్ర గీత గీసి పంపినారు సార్."

"పక్క చేనోళ్లకు చెప్పల్లని మన రైతులకు మనం నేర్పించల్లనా? తాతల కాలం నుంచీ కేకేసుకుంటానే ఉండారు."

ఆమె కాగితంలో ఆ గీత మీద వేలు పెట్టింది. తర్వాత తలెత్తకుండా, "మీ నమస్కారం ఎనిమిది సెకన్లుండాది సార్. అది తీసేస్తే, ఇంగో సెకను నేను బిరబిరా చదివి సర్దేస్తా" అంది.

"అది లేకుంటే ఎవురు చెప్తాండారో తెలిసేదెట్ల?" అన్నాను.

"సరే సార్" అంది. ఆ "సరే" ఎలాంటిదో నాకు తెలిసింది. తెలియనట్టు లేచి వెళ్లాను.

నేను గమనించనిది ఇంకొకటుంది. కేక వేసే పద్ధతికి ఒక రోజు వ్యవధి కావాలి. నా మెసేజ్ తెల్లవారుజామున ఫోను మోగించి, "ఈ పొద్దే, అందరూ ఒకేసారి" అని చెప్పింది. పాత పద్ధతి ఉంది కదా అన్న ధీమాతో వాక్యం తీసేశాను. మిగిలిన వాక్యాలేమో ఆ పద్ధతి జరగడానికి చోటు లేకుండా చేశాయి.

మెసేజ్ వెళ్లిన ఆ పొద్దునే, ఎనిమిది కాకముందే ఆఫీసు ఫోను మోగింది.

"అలో, ఫోన్లో మందు కొట్టమని చెప్పేది మీరేనాప్పా?" ఒక ఆడమనిషి గొంతు.

"అవునమ్మా. ఏం సమాచారం?"

"సమాచారమా? నా పురుగులు పచ్చగా కక్కుతాండాయి. అదీ సమాచారం."

పట్టుపురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు నిద్రపోయి కుబుసం విడుస్తుంది. దాన్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక వారం రోజులు పురుగు ఆగకుండా తింటుంది, తర్వాత గూడు కడుతుంది. ఆమె పురుగులు నాలుగో జ్వరం లేచి రెండో రోజు. తెల్లవారి ఆకు కోస్తుండగానే పక్క చేలో మందు కొట్టడం మొదలైంది. ఆమె గమనించేసరికి గట్టు పక్క వరసలనుంచి కోసిన ఆకు రెండు తట్టల పురుగులకు వేసేసింది. ఆ రెండు తట్టలూ పోయాయి. మిగతా తట్టలకు రాత్రి కోసిపెట్టుకున్న ఆకు వేసింది. అదీ అయిపోవచ్చింది. తోటకు రెండు వైపులా టమోటానే. రెండు వైపులా కొట్టేశారు.

"మధ్యాన్నానికి ఏం పెట్టేదప్పా?" అని అడిగింది.

నేనిచ్చిన జవాబు చెప్పడానికి ఇప్పటికీ నోరు రావడం లేదు. "మేం టమోటాకు చెప్పినామమ్మా, మల్బరీకి కాదే. కనుక్కొని చెప్తాను" అని ఫోను పెట్టేశాను.

తిరిగి చూస్తే మేడమ్ వాకిట్లో నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది. కంప్యూటరు ముందు కూర్చుని పొద్దున వెళ్లిన మెసేజ్ పెట్టింది. నా నమస్కారం వచ్చింది, నా నేస్తం వచ్చాడు, సలహా వచ్చింది, "ఈ పొద్దే కొట్టండి" దగ్గర ఆగిపోయింది. తర్వాత ఇంకో ఫైలు తెరిచింది. అందులో తొమ్మిది సెకన్లు మాత్రమే ఉంది. అది కూడా వినిపించింది.

"పారెయ్యలేదు సార్" అంది.

నేను చొక్కా సర్దుకుని జీపు బయటికి తీయించాను.

మా డ్రైవరు గని కార్మికుడి కొడుకు. ఇంట్లో తమిళం, బయట తెలుగు, తిట్టడానికి కన్నడం. సంగతి విని దారిలో అన్నాడు:

"మా నాయన లోపల రాయి పేల్చే గుంపులో ఉండె సార్. పేల్చే ముందర ఒక మనిషి కేకేసేది. కేకేస్తే చాలదు. అవతల నుంచి తిరుగు కేక రావల్ల. అది వినబడినాకనే వత్తికి నిప్పు పెట్టేది. తిరుగు కేక రాకుంటే ఎంతసేపైనా గమ్మున కూర్చోవల్ల."

"తెలుసప్పా, నేనూ గనోళ్ల పిల్లోణ్ణే" అన్నాను.

"తెలుసు కదా సార్" అన్నాడు గేరు మారుస్తూ. ఆ మాటను ప్రశ్నగా అన్నాడో, తీర్పుగా అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఫోను చేసిన ఆమె ఊరు బూదికోటకు అవతల చిన్న పల్లె. చేను దగ్గర దిగేసరికి టమోటా రైతు స్ప్రేయరు కడుగుతున్నాడు. ఆమెకు వరసకు మరిది. మమ్మల్ని చూడగానే తనే మొదలుపెట్టాడు.

"నన్నేం అనొద్దండప్పా. నిన్న సాయంత్రం కేకేసుండాలంటే, కొట్టల్లని నిన్న నాకు తెలిసుండల్ల. పొద్దున్నే ఫోన్లో మీరేమో ఈ పొద్దే, ఈ పొద్దే అంటిరి. పెద్ద ఆఫీసోళ్లు చెప్పినారు, ఆగితే ఊరందరి పంట నావల్ల పోతాదేమో అనుకుంటి. మా వదిన మొగం ఎట్ల చూసేది ఇంగ నేను?"

అతని తప్పు ఒక్కటీ లేదు. అతను నన్ను నమ్మాడు, అంతే.

పురుగుల షెడ్డులోకి వెళ్లాను. ఆ వయసు పురుగులు తింటుంటే వాన పడుతున్నట్టు చప్పుడుంటుందని విన్నాను. అక్కడ చప్పుడే లేదు. ఆకు అయిపోయి, కాడలు మాత్రం మిగిలిన తట్టల్లో పురుగులన్నీ తలలెత్తి ఉన్నాయి. వాకిలి పక్కన రెండు తట్టలు బోర్లించి ఉన్నాయి. ఆమె నలభై దాటని మనిషి, కొంగు నడుముకు దోపుకుని తట్టల స్టాండు పక్కన నిలబడి ఉంది.

"కనుక్కొని చెప్తానన్న సారు మీరేనా?"

"నేనేనమ్మా."

"కనుక్కుంటిరా?"

"కనుక్కున్నానమ్మా. ముందురోజు మీకు చెప్పినాకే కొట్టల్లని కాగితంలో ఉండింది. నేనే తీసేయించినాను."

ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది. తట్టల వైపు చూపించి అంది:

"ముందు రెండు పంటలు పోయినాయప్పా, ఒకటి రోగానికి, ఒకటి ఎండకి. మా ఆయన రోజూ బస్సులో నరసాపురం ఫ్యాక్టరీకి పోతాడు. ఇదీ పోతే తోట పీకేసి టమోటా పెడదామన్నాడు. ఆయన మాట న్యాయమే. కానీ ఆ తోట నేను పెట్టినాను. నీళ్లు నేను కట్టినాను. టమోటా పెడితే అందులో నేను కూలిదాన్ని. ఇందులో అట్ల కాదు." స్టాండు మీది తట్ట ఒకటి సర్ది, "ఎవురి తప్పయితే ఏమి, నాకు ఆకు కావల్ల. ఇంగా ఐదు రోజులు. మందు తగలని ఆకు" అంది.

ఆ ఊళ్లో మిగతా తోటలన్నీ టమోటా పక్కనే. నా మాట విన్న ఊరు కాబట్టి అన్నిచోట్లా మందు పడింది. అంతగా మాట వినే ఊళ్లు దొరకడం నా ఉద్యోగంలో అరుదు. ఆ రోజే దొరకాలా అనుకున్నాను.

షెడ్డు బయటికి వచ్చి మేడమ్‌కు ఫోను చేశాను. ఇంకా కొట్టనివాళ్లను ఆపాలి, ఎక్కడైనా ఆకు ఉంటే అడగాలి, వెంటనే రెండో మెసేజ్ పంపాలి అన్నాను.

"రెండో మెసేజ్ ఎందుకని అడుగుతారు సార్ జనం. ఏమని చెప్పేది? కంప్యూటరు తప్పనా?"

నిజం చెబుతున్నాను, ఆ మాట ఒక్క క్షణం నాకు తీయగా వినిపించింది. బెంగళూరువాళ్లు మా మెసేజ్‌లన్నీ వింటారు. నాకింకా చాలా ఏళ్ల సర్వీసుంది.

"జరిగింది చెప్పమ్మా."

"అయితే అది నేను చదివేది కాదు సార్. మీ గొంతుతో రావల్ల. ఫోన్లోనే చెప్పండి, రికార్డు చేస్తాను. కానివ్వండి."

రాసుకోవడానికి కాగితం కూడా లేదు. మల్బరీ తోట గట్టుమీద నిలబడి మాట్లాడాను. నా ఉద్యోగ జీవితంలో నమస్కారం లేకుండా మొదలుపెట్టిన మొదటి మెసేజ్ అది.

"పొద్దున మందు కొట్టమని చెప్పింది నేనే. మల్బరీ తోటవాళ్లకు చెప్పినాకే కొట్టల్లని చెప్పాల్సిండె. ఆ మాట నేనే తీసేసినాను. తప్పు నాది. ఇంగా కొట్టనోళ్లు ఆగండి, పక్కవాళ్లకు చెప్పండి. బూదికోట పక్కన ఒకామె పురుగులకు ఆకు లేదు. మందు తగలని మల్బరీ ఆకు ఉంటే ఈ నంబరుకు ఫోను చెయ్యండి."

మెసేజ్ వెళ్లింది. తర్వాత మేం చేయగలిగింది లేదు. జీపు పక్కన నిలబడి ఫోను వైపే చూశాం. మొదటి ఫోను వచ్చింది. "ట్యాంకులో మందు కలిపినాక ఆగమంటావా? ఆ మందు నువ్వు తాగుతావా?" అని ఒకాయన. రెండోదీ అలాంటిదే, కాస్త మర్యాద తక్కువ. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. పది దాటింది. ఎండ ముదిరింది.

ఆమె షెడ్డులోంచి తడి గోనె తెచ్చి తలుపుకు కడుతూ అడిగింది:

"మీ ఫోన్లు ఎవురెవురికి పోతాయప్పా?"

"పేరు రాయించుకున్న రైతులకమ్మా. భూమి పహణీలో పేరున్నోళ్లు."

"అంటే మొగోళ్లకి. పురుగులు మేపేది ఎవురు?"

నేను ఆ తడి గోనె రెండో కొస పట్టుకున్నాను.

"పొద్దున నాకు ఎందుకు వినబళ్లేదో ఇప్పుడు తెలిసింది" అంది. కోపంగా కాదు, లెక్క తేలినట్టుగా. "మా ఇంట్లో ఫోను తెల్లారకముందే ఆయనతో కంపెనీకి పోతాది. ఆయన పేరుమీద మీ నమస్కారం ఫ్యాక్టరీ బస్సులో మోగుతాది. నేను మీకు చేసింది పక్కింటామె ఫోనులో."

పదకొండు కావస్తుండగా మూడో ఫోను మోగింది. ముసలి గొంతు. సుగటూరు నుంచి.

"మీకు ఆకు కావల్లంటనే?"

"అవునయ్యా. మీకు మెసేజ్ వచ్చిందా?"

"నాకు ఫోనే లేదు, ఇది పక్కచేనోడిది. వానికి వచ్చిండాది. వాడు గట్టుమీద నుంచి కేకేసి చెప్పినాడు. తప్పు నాదని చెప్పే ఆఫీసోడు ఉండాడంటనే అని నాకు నమ్మకం కాలా. ఇంగోసారి వినిపించమని విన్నాను." నవ్వాడు. "నా తోట చుట్టూ రాగి, మామిడి. మందు వాసనే లేదు. ఇప్పుడు నాకు పురుగులు లేవు, ఆకు ముదురుతాండాది. వచ్చి కోసుకోండి. కోసేదానికి మనుషుల్ని తెచ్చుకోండి, నా నడుం వంగదు."

మనుషులు ఎవరున్నారు? నేను, డ్రైవరు. స్ప్రేయరు పక్కన పడేసి టమోటా రైతు స్నానం చేసి, వేరే బట్టలు కట్టుకుని వచ్చి జీపెక్కాడు. "మందు కొట్టిన చేత్తో ఆకు ముట్టుకుంటే పురుగు సస్తాది. రెండుసార్లు సబ్బు రుద్దినాను వదినా" అని దూరం నుంచే చేతులు చూపించాడు. ఆమె వాసన చూసి, "ఇంగోసారి రుద్దుకో" అంది. అతను మళ్లీ పోయి రుద్దుకుని వచ్చాడు.

సుగటూరు దగ్గరేం కాదు. వెళ్లి, ముగ్గురం కోసి, తడి గోనెల కింద కట్టలు పేర్చుకుని తిరిగి వచ్చేసరికి మూడు దాటింది. నా అరచేతులు రెండు చోట్ల చీరుకుపోయాయి. పురుగులు ఇంకా తలలెత్తే ఉన్నాయి. కొన్ని తట్టల అంచులెక్కి తిరుగుతున్నాయి.

నేను కట్ట విప్పబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"గమ్మునుండండి సార్. అందరికీ ఒకేసారి పెట్టెయ్యడం మీ పద్ధతి."

ఒక చిన్న చేటలో పది పురుగులు వేరుగా తీసి, వాటికి నాలుగు ఆకులు వేసింది. గంటసేపు చూడాలంది. వాటికేమీ కాకపోతేనే మిగతావాటికి. కడుపు కాలుతున్న పురుగులు పక్కనే ఉండగా, ఆకు చేతిలో ఉండగా, గంటసేపు ఆగడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. ఆమె చేట ముందు కూర్చుంది. మేం ముగ్గురం వెనక నిలబడ్డాం. పురుగులు ఆకు అంచు పట్టుకున్నాయి. తలలు పైనుంచి కిందికి, పైనుంచి కిందికి ఆడిస్తూ తిన్నాయి. ఆకులో అర్ధచంద్రాకారంలో గండ్లు పడ్డాయి. పావుగంట. అరగంట. ఒకటి తినడం ఆపి తల ఎత్తింది. టమోటా రైతు నా మోచెయ్యి పట్టుకున్నాడు. అది పక్క ఆకు మీదికి పాకి మళ్లీ తినడం మొదలుపెట్టింది.

గంట అయ్యాక ఆమె చేటను కళ్ల దగ్గరికి తీసుకుని ఒక్కొక్క పురుగునీ చూసింది. "బాగుండాయి" అంది. ఆ తర్వాతే కొంగుతో ముఖం తుడుచుకుంది.

తట్టలన్నిట్లో ఆకు పడ్డాక కాసేపటికి ఆ చప్పుడు మొదలైంది. నిజంగానే వాన చప్పుడు. మా డ్రైవరు బయటికి పోయి ఆకాశం వైపు చూసి వచ్చాడు. "ఛ, ఏమీ లేదు" అన్నాడు. అందరం నవ్వాం. నవ్వొచ్చినందుకు నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఐదింటికి ఆమె భర్త కంపెనీ బస్సు దిగి యూనిఫాంలో వచ్చాడు. నేను రెండో కట్ట నెత్తిన పెట్టుకుని షెడ్డులోకి పోతున్నాను.

"ఎవురు ఈయన?"

"పొద్దున నీ ఫోన్లో మందు కొట్టమన్న సారు."

"మరి ఇప్పుడేం చేస్తాండాడు?"

"ఆకు మోస్తాండాడు."

అతను కాసేపు నన్ను చూసి, టిఫిన్ డబ్బా గూట్లో పెట్టి, తనూ ఒక కట్ట ఎత్తుకున్నాడు. "నేస్తం అంటే ఇదా" అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు.

సాయంత్రానికి ఇంకో ఇద్దరు ఆకు ఇస్తామని ఫోను చేశారు. ఇద్దరూ పక్కచేనివాళ్లు చెప్పగా విన్నవాళ్లే. ఆ ఐదు రోజులూ నేను సెలవు పెట్టి జీపులో ఆకు తెచ్చాను. ఆరో రోజు పురుగులు పసుపు రంగుకు తిరిగి తినడం మానేశాయి. వాటిని ఏరి చంద్రికల మీద వేశారు. చంద్రిక అంటే గూడు కట్టుకోవడానికి వెదురు బద్దలతో అల్లిన చుట్టల చాప. మూడు రోజులకు చంద్రికల నిండా గూళ్లు. పోయిన రెండు తట్టలు పోయాయి, వాటిని నేను తేలేను. మిగతాదంతా నిలబడింది. ఆమె భర్త ఒక గూడు చెవి దగ్గర ఆడించి, "తోట పీకేదెందుకులే" అన్నాడు. ఆమె ఆ మాట విననట్టే గూళ్లు ఏరుకుంటూ ఉండింది. కానీ విన్నది.

ఆఫీసుకు పోయి నివేదిక రాశాను. పైఅధికారి ఒకాయన చదివి, "సాంకేతిక కారణాల వల్ల అని రాయవయ్యా, నీకూ మాకూ మంచిది" అన్నాడు. మంచివాడే, నన్ను కాపాడాలనే అన్నాడు. నేను "నా నిర్ణయం వల్ల" అని ఉంచేశాను. ఆ ఏడాది నాకు రావలసిన ప్రమోషన్ రాలేదు. అంతకన్నా ఏమీ కాలేదు. ఊరట ఏమిటంటే, భయపడినదానిలో పావు వంతు కూడా జరగదు. ఆ భయంతోనే మనం అబద్ధాలాడతాం. ఇంకో విచిత్రం కూడా చెప్పాలి. చివరిదాకా విన్నవాళ్లు అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న మెసేజ్, తప్పు నాదని చెప్పినదే. కంప్యూటరు ఆ సంగతి చూపించినప్పుడు మేడమ్ నా వైపు చూసి, "నమస్కారం లేకున్నా విన్నారు సార్" అంది.

ఆ తర్వాత మందు కొట్టడం గురించిన మెసేజ్‌లు పొద్దున కాకుండా ముందురోజు మధ్యాహ్నమే పంపాం. నా నమస్కారం శాశ్వతంగా తీసేయించాను. దాని చోటులో, మేడమ్ పారేయకుండా దాచిన ఆ తొమ్మిది సెకన్లు పెట్టాం. కొత్తగా చదివించలేదు, కోసేసిన ఆ ముక్కనే. ఇంకో సెకను ఎక్కువైతే ఆమె బిరబిరా చదివి సర్దేది. నేను మాత్రం నోటుపుస్తకం పట్టుకుని ఊరూరా పాల డెయిరీల దగ్గర నిలబడ్డాను. పాలు పోయడానికి వచ్చే ఆడవాళ్లను అడిగి, సొంత ఫోనున్నవాళ్ల నంబరు, లేనివాళ్లకు పక్కింటి నంబరు రాసుకున్నాను. పహణీలో పేరుందా అని అడగలేదు. ఆ పని పూర్తవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

కానీ వీటన్నిటికన్నా ముందు జరిగింది ఇంకొకటుంది. అది కూడా చెప్పి ఆపుతాను.

గూళ్లు మార్కెట్టుకు పోయిన మూడు వారాలకు టమోటా రైతు ఫోను చేశాడు. "మళ్లా మందు కొట్టల్ల సార్. వదిన కొత్త పంటకు పురుగులు పెట్టింది. ఈసారి మీరే చెప్తారా?"

సాయంత్రం వెళ్లాను. అతను నన్ను గట్టుమీద నిలబెట్టి, "ఇక్కణ్ణుంచే" అన్నాడు. తోట అవతలి కొసలో ఆమె ఎర్ర చీర కనబడుతోంది. అన్నేళ్లు మైకు ముందు మాట్లాడినవాణ్ణి, మొదటి కేక గట్టు దాటలేదు. రెండోసారి గట్టిగా అరిచాను.

"అమ్మోయ్! రేపు పొద్దున టమోటాకు మందు కొడతాండారు! ఆకు కోసుకో!"

కేక పోయింది. నేను కదల్లేదు. తోటలో గాలి తప్ప ఏమీ వినబడలేదు. టమోటా రైతు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాను. కాసేపటికి మల్బరీ కొమ్మల పైన ఒక కొడవలి లేచింది.

"విన్నానులేప్పా! ఇదేమన్నా ఫోనా, అట్ల అరస్తావు?"

తిరుగు కేక వచ్చింది. గట్టు దిగి తోటలోకి పోయాను. చీకటి పడేలోపల కోయాల్సిన ఆకు చాలా ఉంది. ఆమె కోసింది, నేను మోశాను.